వెనుకబడినవారి నడకే అందరి నడక

వానలు మొదలై కొండలు పచ్చబడగానే అనేకులు స్నేహితులతో కలసి జలపాతాలు చూడడానికి బయలుదేరుతారు. మంచిదే. ఏళ్ల తరబడి పరిచయమున్నా తెలియని మనసులు ఒక్క పూట కలసి నడిస్తే తెలుస్తాయి. అయితే బురద దారిలో పదిమంది కలసి ఎలా నడవాలో మేము కటికి జలపాతం దగ్గర నేర్చుకున్నాము. అది మా పాఠకులకు కూడా ఉపయోగపడుతుందని ఈ నెల ఇక్కడ వ్రాస్తున్నాము.

కటికి అల్లూరి సీతారామరాజు జిల్లాలో, బొర్రా గుహలకు సమీపంలో ఉంది. అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్థని నది ఇక్కడ బండల మీదనుండి దూకుతుంది. ఆ నీరే దిగువన తాటిపూడి జలాశయాన్ని నింపి, చివరకు భీమిలి వద్ద సముద్రంలో కలుస్తుంది.

మేము నాలుగు కుటుంబాలవారము విశాఖపట్నంలో ఉదయాన్నే కిరండూల్ పాసింజరు ఎక్కి, సొరంగాలు దాటుకుంటూ బొర్రాలో దిగి జీపు మాట్లాడుకున్నాము. ముందురోజు కురిసిన వానకు జీపు పైదాకా ఎక్కలేకపోయింది. మిగిలిన దారంతా కాలినడకే. ఆ మట్టి చెప్పులను పట్టుకుంటే వదలదు, వదిలితే మనిషిని పడవేస్తుంది.

మాలోని యౌవనస్థులు ముందుకు పరుగెత్తబోయారు. మోకాళ్ల నొప్పులున్న ఒక అక్కయ్య అప్పటికే వెనుకబడ్డారు. దారి చూపడానికి వచ్చిన ఆ ఊరి యువకుడు అందరినీ ఆపాడు.

"అమ్మగారిని ముందు నడవనియ్యండి బాబూ. ఆవిడ ఎనకాల మనం నడుద్దాం" అన్నాడు.

అందరికీ తలొక కర్ర ఇచ్చి, చిన్న చిన్న అడుగులు వేయాలనీ, పాదమంతా ఒక్కసారే మోపాలనీ, నాచు పట్టిన రాయిని నమ్మకూడదనీ చెప్పాడు. ఏటవాలు చోట ఒకరు అడుగు వేసేటప్పుడు చేయి పట్టుకున్నవారు కదలకుండా నిలబడాలి. ఇద్దరూ ఒకేసారి కదిలితే ఇద్దరూ జారతారు. ఆలస్యమైనా ఎవరూ పడకుండా చేరుకున్నాము.

జలపాతం చూడగానే అలసట మరచిపోయాము. పిల్లలు నీళ్లలో దిగి ఆడుకుంటున్నారు. మా నెత్తిన ఎండ కాస్తూనే ఉంది. ఇంతలో ఆ యువకుడు, "నీళ్లు రంగు మారతన్నాయి, పిల్లల్ని పైకి లాగేయండి!" అని కేకవేశాడు. ఇంత దూరం వచ్చి అరగంటైనా ఉండకపోతే ఎలాగని కొందరు సణిగారు. అయినా అందరమూ గట్టెక్కాము. కాసేపటికి పిల్లలు కూర్చున్న బండ ఎర్రని నీటిలో మునిగిపోయింది. సణిగినవారు మాటలేక పిల్లలను దగ్గరకు తీసుకున్నారు.

మనమున్నచోట చినుకు లేకపోయినా, పై కొండల్లో వాన పడితే వాగు పొంగుతుంది. నీరు మట్టిరంగుకు తిరిగినా, ఆకులూ కొమ్మలూ కొట్టుకొని వస్తున్నా, హోరు పెరిగినా, సంచుల కోసం చూడకుండా వెంటనే ఎత్తుకు చేరాలి. 2023 జులైలో ములుగు జిల్లా ముత్యాలధార జలపాతానికి వెళ్లిన సుమారు 80 మంది, తిరుగుదారిలో వాగు పొంగడంతో అడవిలో చిక్కుకుపోయారు. విపత్తు సహాయ దళాలు వెళ్లి వారిని రక్షించవలసివచ్చింది.

మనకు ఈ బురద ఒక్క పూట వేడుక. ఏజెన్సీలో సరైన రోడ్డు లేని గ్రామాలవారికి ఇదే సంతకు దారి, ఇదే ఆసుపత్రికి దారి. అక్కడ నెలలు నిండిన స్త్రీలను డోలీ కట్టి మోసుకొస్తారు. ముందు మోసేవాడు తన బలాన్నిబట్టి నడవడు, వెనుకవాని అడుగునుబట్టి, డోలీలోని మనిషి బాధనుబట్టి నడుస్తాడు. నడక అంటే ఏమిటో వారికి తెలిసినట్టు మనకు తెలియదు.

కుటుంబమూ ఇటువంటి ప్రయాణమే. చదువులో వెనుకబడిన బిడ్డ, మాట త్వరగా అందుకోలేని అత్తగారు, జబ్బుపడి లేచిన భర్త ప్రతి ఇంటా ఉంటారు. "త్వరగా రండి" అని ముందునుండి కేకవేయడం సులభమే. వారిని ముందు నడవనిచ్చి, వెనుక మనం నడవడమే కష్టం. మీ ఇంట నెమ్మదిగా నడుస్తున్నవారెవరో ఈ నెల ఒకసారి చూడండి. వారి అడుగుతో అడుగు కలపండి.