చద్దన్నం మూట విప్పి చూద్దాం

‘పెద్దల మాట చద్దన్నం మూట’ అంటారు. ఆ మూటను విప్పి చూడాలని మేమంటాం. ఆహారం మీద ప్రాజెక్టు రాసే విద్యార్థి ముందు వంటింట్లో అడగాలి, తర్వాత పుస్తకంతో సరిచూడాలి. ఈ రెండింటిలో ఏది మానేసినా ప్రాజెక్టు సగమే అవుతుంది.

మా సైన్సు ప్రాజెక్టుకు తెలుగు పిల్లలం కొందరం కలిసి చద్దన్నాన్నే ఎంచుకున్నాం. మనం ఉంటున్న రాయ్‌పూర్‌లో దీన్ని బాసీ అంటారు. వండిన అన్నంలో నీళ్లు పోసి ఆ రోజే తింటే బోరే, రాత్రంతా నానబెట్టి తింటే బాసీ. 2022 మే 1న, కార్మిక దినోత్సవం నాడు అందరూ బోరే బాసీ తినాలని అప్పటి ముఖ్యమంత్రి భూపేశ్ బఘేల్ పిలుపునిచ్చారు. కష్టజీవుల తిండికి దక్కిన గౌరవం అది.

మొదట అమ్మమ్మలకు, నాయనమ్మలకు ఫోన్లు చేశాం. ఒకరు గంజి పోస్తామన్నారు, ఒకరు మజ్జిగ పోస్తామన్నారు. గోదావరి జిల్లా అమ్మమ్మ ‘తరవాణి’ గురించి చెప్పారు. పక్క క్వార్టర్‌లోని ఛత్తీస్‌గఢీ ఆంటీ బాసీలోకి ఆకుకూర ఉండాలన్నారు. ఒడియా మిత్రుడు తమ ఇంట్లో దాన్ని పఖాళ అంటారన్నాడు. ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ మాత్రం అందరి ఇళ్లలోనూ ఉన్నాయి!

ఇక పుస్తకం సంగతి. రాత్రంతా నానిన అన్నంలో ఇనుము ఎన్నో రెట్లు పెరుగుతుందని ఫోన్లలో ఒక సందేశం తిరుగుతోంది. ఇనుము ఒక మూలకం. అన్నం పులిసినంత మాత్రాన కొత్త ఇనుము ఎలా పుడుతుంది? హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో 528 ఆహార పదార్థాల పోషక విలువలతో పట్టికలు ప్రచురించింది. వాటి ప్రకారం 100 గ్రాముల పాలిష్ బియ్యంలో ఇనుము 1 మిల్లీగ్రాము కూడా లేదు. మరి చద్దన్నం గొప్పతనమంతా అబద్ధమా? కాదు. పులిసేటప్పుడు బ్యాక్టీరియా వల్ల ఫైటిక్ ఆమ్లం తగ్గుతుంది. అందువల్ల ఉన్న కొద్దిపాటి ఇనుమునే శరీరం సులువుగా గ్రహిస్తుంది. ఎండలో పనిచేసేవారికి అందులోని నీరు, ఉప్పు మేలు చేస్తాయి. ‘కడుపు చల్లగా ఉంటుంది’ అన్న అమ్మమ్మ మాటలో నిజముంది. ఫోన్ సందేశంలో ఉన్నది అతిశయోక్తి.

కొన్నేళ్లకోసారి ఊరు మారే మనకు ఈ పని మరీ ముఖ్యం. ఒక్కో బదిలీతో సొంత ఊరి తిండి పేర్లు ఒక్కొక్కటే జారిపోతున్నాయి. ‘తరవాణి’ అన్న మాట మాలో చాలామంది మొదటిసారి విన్నారు. పోషకాల లెక్క ఎప్పుడైనా పుస్తకంలో దొరుకుతుంది. అమ్మమ్మ చేతి కొలత మాత్రం ఆమెను అడిగితేనే తెలుస్తుంది. మరోవైపు, నాలుగు రాష్ట్రాల వంటిళ్లు ఒకే కాలనీలో చూసే అవకాశం అందరికీ రాదు. అది మనకుంది.

అందుకే మిత్రులారా, ఈ సెలవుల్లో మీ ఇంట్లో ఒక వంటకం గురించి, పక్కింట్లో ఒక వంటకం గురించి అడిగి రాసుకోండి. ఆ తర్వాతే పట్టిక తెరవండి.