అభిమానం తరిగినా గ్రూపు వదలలేం

సెలవు కబురైనా, ఆలస్యంగా అందే తెలుగు వాచకం పీడీఎఫ్ అయినా మా బడి నుంచి తల్లిదండ్రులకు చేరేది వాట్సాప్‌లోనే. పొరుగు రాష్ట్రంలో తెలుగు బడి నడిపే మాకు అది పెద్ద ఆసరా.

2009లో మొదలైన ఆ యాప్‌ను జనం ఇష్టంగానే తెచ్చుకున్నారు. తాము ప్రకటనలు ఎందుకు అమ్మడం లేదో 2012లో ఆ సంస్థే వివరంగా రాసింది. 2014లో దాన్ని ఫేస్‌బుక్ కొన్నది. 2021 జనవరిలో కొత్త షరతులు ఒప్పుకోవాలనేసరికి చాలామంది సిగ్నల్, టెలిగ్రామ్ వైపు చూశారు. ఆ షరతుల విషయంలోనే 2024 నవంబరులో మన కాంపిటీషన్ కమిషన్ మెటాకు రూ.213.14 కోట్ల జరిమానా వేసింది. 2025 జూన్‌లో అప్‌డేట్స్ విభాగంలో ప్రకటనలు తెస్తున్నట్లు కంపెనీయే చెప్పింది.

అయినా మేము అక్కడే ఉన్నాం. అభిమానం కొద్దీ కాదు, అందరూ అక్కడే ఉన్నారు కనుక. పెద్ద కంపెనీల ధీమా కూడా అదే.

వాట్సాప్ మానేయమని మేము అనడం లేదు. కానీ పాఠాలు, పిల్లలు చదివిన పద్యాల రికార్డింగులు, ఫోన్ నంబర్లు అన్నీ ఆ ఒక్క గ్రూపులోనే ఉంటే, ఖాతా ఆగిన రోజున బడి చేతులు కట్టుకు కూర్చోవాలి. పీడీఎఫ్‌లు, రికార్డింగులు బడి కంప్యూటర్‌లోనూ పెన్‌డ్రైవ్‌లోనూ దాచుదాం. నంబర్లు రిజిస్టర్‌లో ఎక్కిద్దాం. ముఖ్యమైన నోటీసు కాగితం మీద కూడా పంపుదాం. వచ్చే తల్లిదండ్రుల సమావేశంలోనే ఈ పని మొదలుపెడదాం.