రైల్లో ఫ్యామిలీ సాంగు!

ఈ వారం స్టూడియో కబుర్లు కాస్త పక్కన పెట్టి రైలు కబుర్లు చెప్పుకుందాం. సినిమా లేకుండానా అని బెంగ పెట్టుకోకండి. అది కూడా నాతో పాటే రైలెక్కింది!

మా అక్క రాజవొమ్మంగిలో టీచరు. దసరా సెలవులకి దాని పిల్లలిద్దర్నీ హైదరాబాదు తీసుకొచ్చే పని ఈ బ్రహ్మచారి నెత్తిన పడింది. పిల్లకి తొమ్మిదేళ్లు. పిల్లాడికి ఐదు నిండడానికి ఇంకా రెండు నెలలుంది. ఇద్దరికీ అదే మొదటి రైలు ప్రయాణం. రాజవొమ్మంగిలో కొండలున్నాయి, వాగులున్నాయి, పట్టాలు మాత్రం లేవు. వాళ్లకి తెలిసిన రైలల్లా టీవీలో హీరోగారు పైకెక్కి ఫైటింగు చేసే రైలే.

బయల్దేరే రోజున "పదరా, స్టేషన్‌కెళ్దాం" అన్నానో లేదో పిల్లాడి మొహం వాడిపోయింది. "నేనేం చేశాను మావయ్యా?" అన్నాడు. తప్పు వాడిది కాదు లెండి. ఆ ఊళ్లో స్టేషనంటే ఒకటే, పోలీసు స్టేషన్. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి... అలా వరసగా మూడు రోజులు మూడు స్టేషన్ల మీద పడి అల్లూరి సీతారామరాజు దళం తుపాకులు పట్టుకుపోయిన కథ అక్కడి పిల్లలకి కంఠతా వచ్చు. అన్నట్టు, కృష్ణగారి నూరో సినిమా 'అల్లూరి సీతారామరాజు' 1974 మే 1న విడుదలైంది. మేం తునిలో ఎక్కబోయే గోదావరి ఎక్స్‌ప్రెస్ మొదలయింది అదే ఏడాది ఫిబ్రవరి 1న. సినిమాకంటే బండి సరిగ్గా మూడు నెలలు పెద్దదన్నమాట!

టిక్కెట్ల దగ్గరే నా బుద్ధి బయటపడింది. ఐదేళ్ల లోపు పిల్లలకి, విడిగా బెర్తు అడక్కపోతే, టిక్కెట్టే అక్కర్లేదు. ఐదు నిండి పన్నెండు నిండనివాళ్లకి బెర్తు వద్దంటే సగం చార్జీ. బెర్తు కావాలంటే మాత్రం 2016 ఏప్రిల్ 21 నుంచి పెద్దవాళ్లతో సమానంగా పూర్తి చార్జీ. ముగ్గురం ఒక్క బెర్తులో సర్దుకుంటే పోలా అన్నాను. అక్క ఒక్క చూపు చూసింది. రెండు బెర్తులు తీశాను.

తునికి పోయే బస్సులో పిల్లలకి కథ చెప్పాను. 1973లో హిందీలో వచ్చిన 'యాదోఁ కీ బారాత్', దాన్నే తెలుగు చేసిన 1975 నాటి 'అన్నదమ్ముల అనుబంధం'. చిన్నప్పుడు విడిపోయిన అన్నదమ్ములు పెద్దయ్యాక ఒక్క పాట పట్టుకుని కలుసుకుంటారు. ఎన్టీఆర్, మురళీమోహన్, బాలకృష్ణ... ఇదంతా చెబుతుంటే పిల్ల అడ్డొచ్చింది.

"మరి మనం తప్పిపోతే మన పాటేంటి మావయ్యా?"

"మనకి పాటెందుకే, నా ఫోన్ నంబరుందిగా!"

"అయితే అదే పాట" అని పది అంకెలకీ బాణీ కట్టేసింది. తుని వచ్చేసరికి తమ్ముడు దాన్ని ఎన్నిసార్లు పాడాడంటే, కండక్టరు కూడా కూనిరాగం తీస్తున్నాడు.

తునిలో బండి ఆగేది ఒకటి రెండు నిమిషాలే. సంచుల్నీ పిల్లల్నీ ఎలా ఎక్కించానో ఇప్పటికీ తెలీదు. మా ఎదుట ఒకావిడ పై బెర్తుల గొలుసులకి పాతచీర కట్టి పసిదాన్ని ఊపుతోంది. 2022 మే నెలలో లక్నో మెయిల్లో పసిపిల్లలకని కింది బెర్తు పక్కన చిన్న బెర్తు అమర్చి చూశారు. మన అమ్మలు ఆ పని ఏనాటినుంచో చీరతో కానిచ్చేస్తున్నారు. ఆ బెర్తుకి రిజర్వేషన్ కూడా అక్కర్లేదు!

సామర్లకోట దాటాక పులిహోర తిన్నాం. ఆ మీదట మన్యం సీతాఫలాలు. చేతులు కడుక్కోడానికి వెళ్లి వచ్చాను. పిల్ల కిటికీ దగ్గరుంది. పిల్లాడు లేడు.

బెర్తు కింద లేడు. బాత్రూముల దగ్గర లేడు. బండి నెమ్మదించింది. రాజమండ్రి! సామాన్లతో జనం తలుపుల దగ్గరికి తోసుకొస్తున్నారు. వాళ్లతో పాటు వాడూ దిగిపోతే? పిల్ల నా చొక్కా గట్టిగా పట్టుకుంది. ప్లాట్‌ఫారం మీదికి దూకి వెతికితే, ఈలోగా బండి కదిలితే ఇది ఒంటరైపోతుంది. దూకకపోతే వాడు... సినిమాలో అయితే ఈపాటికి హీరో గొలుసు లాగి ఉండేవాడు. నాకు గొలుసూ గుర్తురాలేదు, రైల్వేవారి 139 నంబరూ గుర్తురాలేదు, నల్లకోటు టీటీఈగారూ గుర్తురాలేదు. అవన్నీ పిల్లలకి బస్సులో వల్లె వేయించింది నేనే!

ఫోన్ మోగింది. తెలియని నంబరు. ఆడగొంతు.

"బాబూ, మీ పిల్లాడు మా బోగీలో ఉన్నాడు. పేరడిగితే చెప్పట్లేదు, అంకెలు పాడుతున్నాడు. పాడినవి పాడినట్టే నొక్కాను."

టీ అబ్బాయి వెనకాలే రెండు బోగీలు దాటి వెళ్లాడట. మేం వెళ్లేసరికి ఆ పెద్దావిడ ఒళ్లో కూర్చుని జంతిక నములుతున్నాడు. నన్ను చూసి "మావయ్యా, ఎక్కడికెళ్లిపోయావ్?" అని గదమాయించాడు కూడా!

గోదావరి మీద పిల్లలు రూపాయి బిళ్లలేసి దణ్ణం పెట్టుకున్నారు. నేను రెండు వేశాను. రాత్రి పది దాటాక మధ్య బెర్తు వేసి, పిల్లని అక్కడ పడుకోబెట్టాను. వాణ్ని నా బెర్తులో గోడవైపు పడుకోబెట్టి, తువ్వాలు ఒక కొస వాడి చేతికి, రెండోది నా చేతికి కట్టుకున్నాను. వాడు హాయిగా నిద్రపోయాడు. వరంగల్ వచ్చిందీ కాజీపేట వచ్చిందీ నాకు తెలుసు.

తెల్లారి సికింద్రాబాదులో దిగుతుంటే అక్క ఫోను. ప్రయాణం ఎలా జరిగిందిరా అంది. "బ్రహ్మాండం" అన్నాను. పిల్లాడు ఫోను లాక్కున్నాడు.

"అమ్మా! రాత్రి స్టేషన్లో మావయ్య ఏడ్చాడమ్మా!"