నీలం తెర వస్తే వదిలేయొద్దు

డిప్లొమా చదివే మన పిల్లలు కొందరు ఉబుంటు లాప్‌టాప్‌లో వర్చువల్‌బాక్స్ వేసుకుంటున్నారు. ఒక కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్ నడిపే సాఫ్ట్‌వేర్ అది. రెండూ ఉచితమే. ఇన్‌స్టాల్ సాఫీగా అయిపోతుంది గానీ, లోపలి మిషన్ స్టార్ట్ చేయగానే "కెర్నల్ డ్రైవర్ ఇన్‌స్టాల్ కాలేదు" అని ఇంగ్లీషులో వస్తుంది, పక్కన 1908 అంకె.

దుకాణంలో ఫార్మాట్ కొడతామంటే ఒప్పుకోకండి. ప్రాజెక్టు ఫైళ్లు, ఇంటి ఫోటోలు పోతాయి, డబ్బూ పోతుంది. తప్పు మాత్రం మళ్లీ వస్తుంది.

చాలాసార్లు దీనికి కారణం సెక్యూర్ బూట్. మిల్లు గేటులో పాసు చూసే వాచ్‌మన్ అనుకోండి. పాసు లేని డ్రైవర్‌ను లోపలికి పోనివ్వడు. ఆ పాసు కోసమే ఇన్‌స్టాల్ మధ్యలో ఉబుంటు ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. కాగితం మీద రాసుకోండి. రీస్టార్ట్ చేస్తే నీలం తెర వస్తుంది, 10 సెకన్లే ఆగుతుంది. వైరస్ అనుకుని చూస్తూ ఊరుకుంటే వెళ్లిపోతుంది, అక్కడే పని చెడేది! వెంటనే ఏదో ఒక బటన్ నొక్కి 'ఎన్‌రోల్ మోక్', 'కంటిన్యూ', 'యెస్' అని పోయి అదే పాస్‌వర్డ్ కొట్టాలి. కొట్టేటప్పుడు అక్షరాలు కనపడవు, కంగారు పడొద్దు.

తెర ఇప్పటికే జారిపోయిందా? టెర్మినల్‌లో 'అప్‌డేట్-సెక్యూర్‌బూట్-పాలసీ' కమాండ్‌ను సుడోతో, చివర 'ఎన్‌రోల్-కీ' చేర్చి నడిపితే పాస్‌వర్డ్ మళ్లీ అడుగుతుంది. రీస్టార్ట్ చేసి తెర ముందే కూర్చోండి. ఇదంతా ఉబుంటు సొంత సాఫ్ట్‌వేర్ కేంద్రం నుంచి వేసిన వర్చువల్‌బాక్స్‌కే. బయటి నుంచి దించుకున్నదైతే దాన్ని తీసేసి, ఇక్కడి నుంచే వేసుకోవడం సులువు.