ముందు లైట్లు చూడండి!

నిన్న రాత్రి తొమ్మిదింటికి అమెరికా నుంచి మా అమ్మాయి వీడియో కాల్. మా అమ్మ తన మునిమనవడిని తొలిసారి చూడబోతోంది. సరిగ్గా అప్పుడే నెట్ పోయింది!

రూటర్‌ని మూడుసార్లు ఆపి ఆన్ చేశా. ఊహూ! అప్పుడు కనిపించింది, 'ఎల్ఓఎస్' దగ్గర ఎర్ర లైటు. అంటే వైఫై తప్పేం లేదు, ఫైబర్‌లో సిగ్నలే రావట్లేదు. ఎన్నిసార్లు రీస్టార్ట్ చేసి ఏం లాభం?

కేబుల్ వెంట వెతికితే, పొద్దున జరిపిన బీరువా వెనక మడతపడి నలుగుతోంది. లోపలుండేది గాజు పోగు, మరీ వంగితే వెలుతురు దాటదు. బీరువా జరిపి వదులు చేశా. ఎర్ర లైటు ఆరింది. అమ్మ ముఖం వెలిగింది.

మీరూ ముందు లైట్లు చూడండి. కేబుల్ పీకి, కొనలోకి మాత్రం తొంగిచూడకండి, కళ్లకి ప్రమాదం!