దవాఖాన నుంచి చేను దాకా

పోయిన మిర్చి సీజన్‌లో మన సంఘం మండల కమిటీ సభ్యుడొకరు ఎనుమాముల మార్కెట్ యార్డులో బస్తాల మీదే రాత్రి గడిపాడు. తెల్లవారుజామున రొమ్ము మీద బండ పెట్టినట్టయింది. ఒళ్లంతా చెమట, ఎడమ చెయ్యి లాగుడు. గ్యాస్ అనుకున్నాడు. సోడా తాగాడు. కాటా అయ్యేదాకా కదిలేది లేదని కూర్చున్నాడు. బస్తాలు విడిచిపెట్టి పోతే ఎవరు చూస్తారని ఆయన బాధ. పక్కనున్న రైతులు బలవంతంగా ఆటో ఎక్కించేసరికి రెండు గంటలు గడిచిపోయాయి. పెద్ద దవాఖానలున్న వరంగల్ నడిబొడ్డున రెండు గంటలు!

బతికాడు. ఆరోగ్యశ్రీ కింద ఒక స్టెంటు వేశారు. ఆరో రోజు ఇంటికి పంపారు. ఆ మనిషి ఈ సంపాదకీయం రాస్తున్న వాళ్లలో ఒకరు. అందుకే ఆ తర్వాతి తొమ్మిది నెలల సంగతి మాకు దగ్గరగా తెలుసు. ఆరు రోజుల సంగతి అందరూ అడిగారు. తొమ్మిది నెలల సంగతి ఎవరూ అడగలేదు.

డిశ్చార్జి రోజు ఐదారు రకాల మాత్రలు, ఇంగ్లీషులో రాసిన కాగితం చేతిలో పెట్టి "రెస్టు తీసుకో, బరువులు ఎత్తకు, టెన్షన్ పడకు" అన్నారు. ఎన్నాళ్లు రెస్టు? ఎంత బరువు ఎత్తొద్దు? టెన్షన్ పడకుండా ఉండాలంటే అప్పు ఇచ్చినాయనకు ఏం చెప్పాలి? ఇది ఒక్క దవాఖాన తీరు కాదు. ఎక్కడైనా వార్డు నిండా జనం, డాక్టరుకు తీరిక లేదు. ప్రాణం నిలబెట్టడం వరకే వాళ్ల లెక్క. ఆ తర్వాత రైతు మళ్లీ చేనుకు పోయేదాకా ఉన్న దారి ఎవరి లెక్కలోనూ లేదు.

సర్కారు లెక్క కూడా చూడండి. 2018 ఆగస్టు నుంచి మన రాష్ట్రంలో రైతుబీమా ఉంది. 18 నుంచి 59 ఏళ్ల పట్టాదారు రైతు ఏ కారణంతో చనిపోయినా కుటుంబానికి 5 లక్షలు ఇస్తారు. మంచి పథకమే, దిక్కులేని ఇళ్లను ఎన్నింటినో నిలబెట్టింది. 2023 డిసెంబరులో ఆరోగ్యశ్రీ పరిమితిని 10 లక్షలకు పెంచారు, అదీ మంచిదే. 2017లో కేంద్రం స్టెంట్ల ధరలకు కళ్లెం వేసింది. అంటే చికిత్సకు ఒక దారి ఉంది, చావుకు ఒక పరిహారం ఉంది. పోటు వచ్చి బతికి, ఒక పంటకాలం పని చేయలేని రైతుకు మాత్రం ఏమీ లేదు. కౌలు రైతుకైతే బీమా కూడా లేదు. మా మిత్రుడు మంచంలో పడుకుని నవ్వుతూ ఒక మాటన్నాడు: "పోతే ఐదు లక్షలు, ఉంటే ఖర్చు." ఆయన భార్య నవ్వలేదు. మేమూ నవ్వలేదు. ఆ మాట దగ్గరికి మళ్లీ వస్తాం.

ముందు ఒంటి సంగతి. గుండెపోటు అంటే రక్తనాళం మూసుకుపోయి గుండె కండలో కొంత భాగం చచ్చిపోవడం. స్టెంటు దారి తెరుస్తుంది గానీ చచ్చిన కండను బతికించదు. ఆ చోట గట్టి మచ్చ కట్టడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. నాటేసిన మడి వేరు పట్టేదాకా ఎట్లా చూసుకుంటామో, ఆ వారాలు గుండెను అట్లా చూసుకోవాలి. మనవాళ్లలో రెండు రకాలున్నారు. ఒకరు భయంతో మూడు నెలలు మంచం దిగరు. ఇంకొకరు పదో రోజే మోటరు దగ్గరికి పోతారు. రెండూ తప్పే. మొదట ఇంట్లో, వాకిట్లో తిరగాలి. తర్వాత చదునైన దారిలో ఐదు పది నిమిషాలతో మొదలుపెట్టి, రోజూ కొంత పెంచుకుంటూ అరగంట దాకా పోవాలి. నడుస్తూ పక్కవాడితో మాట్లాడగలిగితే వేగం సరిపోయినట్టు. మాట తెగి ఆయాసం వస్తే ఎక్కువైనట్టు. తిన్న వెంటనే వద్దు, ఎండలో వద్దు. మీ గుండె ఎంత దెబ్బతిన్నదో చూసిన డాక్టరు వేరే లెక్క చెబితే అదే మీ లెక్క.

45 కిలోల యూరియా బస్తా భుజానికెత్తడం, తైవాన్ పంపు వీపున మోసి మందు కొట్టడం, దమ్ము చేసిన మడిలో కాళ్లు పీకి పీకి నడవడం ఒక ఎత్తు. ఆఫీసులో కుర్చీలో కూర్చోవడం ఇంకో ఎత్తు. "పనికి పోవచ్చా?" అని డాక్టరును అడిగితే చాలదు. ఏ పనో విడమరిచి చెప్పి అడగాలి. బైపాస్ అయినవాళ్లకు రొమ్ము ఎముక అతుక్కోవడానికే రెండు మూడు నెలలు పడుతుంది. వాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

మాత్రల దగ్గర మనవాళ్లు ఎక్కువ దెబ్బతింటున్నారు. మంచిగనే ఉంది కదా అని ఆపేస్తారు, లేదా పైసలు లేక రోజు విడిచి రోజు వేసుకుంటారు. స్టెంటు వేసినవాళ్లు రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన మాత్రలను డాక్టరు చెప్పకుండా ఆపితే స్టెంటులోనే గడ్డ ఏర్పడి మళ్లీ పోటు రావచ్చు. ఈ మాత్రల వల్ల కొడవలి తెగితే రక్తం కాసేపు ఎక్కువ కారుతుంది. గుడ్డతో గట్టిగా అదిమి పట్టుకోవాలి, ఆగకపోతే దవాఖానకు పోవాలి. అంతేగానీ దానికి జడిసి మాత్ర మానొద్దు. ఇంకొకటి, చాలామందికి తెలియనిది. ఒళ్లు నొప్పులని ఊళ్లో వేయించుకునే డైక్లోఫెనాక్ సూదులు, ఆ రకం నొప్పి మాత్రలు గుండెపోటు వచ్చినవాళ్లకు ప్రమాదం. సూది వేసే ఆయనకు "నాకు గుండె జబ్బు ఉంది" అని మొదటే చెప్పాలి. ఆరోగ్యశ్రీలో కొన్ని చికిత్సలకు ఇంటికి వచ్చాక కూడా పరీక్షలు, మందులు ఉంటాయి. మీ చికిత్సకు ఉన్నదో లేదో డిశ్చార్జి కాకముందే ఆరోగ్యమిత్రను అడగండి. బీడీ సంగతి అందరూ చెప్పేదే. మానితే మళ్లీ చావు ముప్పు దాదాపు మూడో వంతు తగ్గుతుంది. ఏ మాత్రకూ తీసిపోని మందు అది, పైసా ఖర్చు లేదు.

ఇక మనసు. మా మిత్రుడికి మొదటి రెండు నెలలు రాత్రి నిద్ర లేదు. కన్ను మూస్తే మళ్లీ తెరుస్తానో లేదో అని భయం. రొమ్ములో చిన్న చిటుకు అన్నా చెమటలు. టీవీలో ఏదో చూసి ఏడుపు, అన్నంలో ఉప్పు లేదని ఇంట్లో వాళ్ల మీద కోపం. ముప్పై ఏళ్లు అందరికీ చెప్పి పని చేయించిన మనిషి, కొడుకు మందు బస్తా మోస్తుంటే అరుగు మీద కూర్చుని చూడాల్సి వచ్చింది. పరామర్శకు వచ్చినవాళ్లు పండ్లతో పాటు కథలు కూడా తెచ్చారు. "మా బామ్మర్దికీ ఇట్లనే వచ్చింది, ఆర్నెల్లకు రెండోది వచ్చి పోయిండు" అని మంచం పక్కన కూర్చుని చెప్పినవాళ్లున్నారు. దయచేసి ఆ కథలు మీ ఇంట్లోనే ఉంచుకోండి.

ఇది పిరికితనం కాదు. గుండెపోటు నుంచి బతికిన ప్రతి ఐదుగురిలో దాదాపు ఒకరికి డాక్టర్లు జబ్బు కింద లెక్కగట్టేంత కుంగుబాటు వస్తుంది. అట్లా కుంగినవాళ్లు మాత్రలు సరిగా వేసుకోరు, నడవరు. రెండో పోటు ముప్పు కూడా వాళ్లకే ఎక్కువ. దానికి చికిత్స ఉంది. టెలీ మానస్ 14416కు ఏ వేళ ఫోన్ చేసినా ఉచితంగా, తెలుగులో మాట్లాడతారు. భార్యాభర్తలిద్దరిలోనూ ఇంకో భయం ఉంటుంది, నోరు తెరిచి చెప్పరు. రెండు అంతస్తుల మెట్లు ఆయాసం, నొప్పి లేకుండా ఎక్కగలిగిన మనిషి మామూలు కాపురానికి సాధారణంగా భయపడక్కర్లేదు. సిగ్గుపడకుండా డాక్టరును అడగండి.

"పోతే ఐదు లక్షలు" అన్న మాటకు మేం ఎందుకు నవ్వలేకపోయామో ఇప్పుడు చెప్తాం. 1997-98లో పత్తి రైతుల చావులు చూసిన జిల్లా మనది. అప్పు, పోయిన పంట, ఇంటికి బరువైపోయానన్న తలపు కలిస్తే ఏమవుతుందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. మంచాన పడ్డ రైతు తన చావుకు లెక్కగడుతుంటే దాన్ని నవ్వులాట అనుకోవద్దు. పక్కన కూర్చుని సూటిగా అడగాలి, ఒంటరిగా వదలొద్దు. ఆ ఇంట్లోని పురుగుమందు డబ్బాలు వేరే చోటికి చేర్చాలి. మేం ఆ రోజే ఆ పని చేశాం. ఆయన కోప్పడ్డాడు, తర్వాత ఏమీ అనలేదు.

ఆడవాళ్ల గురించి ఒక మాట. పోటు వచ్చిన మగాడికి ఇంట్లో అన్నం వండి మాత్ర చేతిలో పెట్టే మనిషి ఉంది. పత్తి ఏరే ఆడమనిషికి పోటు వస్తే దవాఖాన నుంచి వచ్చిన మర్నాడే పొయ్యి దగ్గర ఉంటోంది. సంఘంలో మనం ఇంతవరకు దీని గురించి మాట్లాడనే లేదు.

మన దేశంలోనే 24 ఆస్పత్రుల్లో గుండెపోటు వచ్చిన 3,959 మందితో ఒక పెద్ద అధ్యయనం చేశారు, 2020లో ఫలితాలు వచ్చాయి. సగం మందికి మామూలు సలహాలు, సగం మందికి కొన్ని వారాల పాటు యోగా, శ్వాస, జీవన విధానం మీద శిక్షణ. చావులు, మళ్లీ పోట్లు తగ్గాయని గట్టిగా తేలలేదు. కానీ శిక్షణ పొందినవాళ్లు తమ ఆరోగ్యం మెరుగైందన్నారు, పోటుకు ముందు చేసుకున్న పనులకు ఎక్కువగా తిరిగి వచ్చారు. రైతుకు కావలసింది అదే కదా! ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు, నేర్పే మనిషి ఉంటే చాలు. పల్లె దవాఖానలో బీపీ, షుగర్ చూస్తున్నప్పుడు గుండెపోటు నుంచి తేరుకునేవాళ్లను వారానికొకసారి కూర్చోబెట్టి నడిపించడం, మాత్రలు సరిచూడటం ఎందుకు కుదరదు?

అందుకే సర్కారును అడుగుతున్నాం. గుండెపోటు, బైపాస్ అయిన రైతుకు, కౌలు రైతుకు, కూలీకి ఆర్నెల్ల జీవనభృతి ఇవ్వాలి. ఆ పంటకాలం అప్పు వసూలు ఆపాలి. గుండె మాత్రలన్నీ మండలంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో దొరకాలి. డిశ్చార్జి కాగితం తెలుగులో ఇవ్వాలి.

సర్కారు కదిలేదాకా మన చేతిలో ఉన్నది మనం చేయాలి. మా మిత్రుడి రెండెకరాల వరి వానాకాలంలో ఊరి కమిటీ వాళ్లు వంతులు వేసుకుని నిలబెట్టారు. ఒకరు నీళ్లు చూశారు, ఇద్దరు మందు కొట్టారు, ఆయన గట్టు మీద నుంచి తప్పులు పట్టాడు. రెండో నెల నుంచి రోజూ పొద్దున ఒకరు ఆయనతో నడిచారు. ఇప్పుడు నీళ్లు ఆయనే పెట్టుకుంటున్నాడు. బస్తా ఇంకా కొడుకే మోస్తున్నాడు.

మీ ఊళ్లో ఈ రెండేళ్లలో గుండెపోటు వచ్చి ఇంటి దగ్గర ఉన్నవాళ్లు, ఆడవాళ్లతో సహా, ఎవరెవరున్నారో గ్రామ కమిటీలు రాసి మండల కమిటీకి ఇవ్వండి. ఎవరి చేను ఎంత, ఎవరు వెంట ఉండి చూస్తారు, మాత్రలు అందుతున్నాయా అన్నది కూడా రాయండి. యాసంగి నాట్లు మొదలుకాకముందే ఆ కాగితం చేరాలి.