ఇంటికి బిడ్డ వస్తోంది, కుక్కను ఏం చేయాలి?



కాన్పు దగ్గరపడిన ఇళ్లకు ప్రార్థనకు వెళ్లినప్పుడు మమ్మును తరచు అడిగే ప్రశ్న ఒకటుంది. "అయ్యగారూ, బిడ్డ వస్తోంది కదా, కుక్కను ఉంచుకోవచ్చునా, వదిలేయాలా?" పెద్దవాళ్లు వదిలేయమంటారు. చిన్నవాళ్లు మనసొప్పక ఊరుకుంటారు. చివరికి ఎవరో ఒకరు దాన్ని బండి మీద ఎక్కించుకొని, చిత్రావతి అవతలో బస్టాండు దగ్గరో దించి వస్తారు. ఇది చిన్న సంగతి కాదని మా అభిప్రాయం. అందుకే వాక్యపు వెలుగులో నాలుగు మాటలు రాస్తున్నాము.

ముందుగా ఒక అపోహ. కుక్క రాత్రిపూట ఏడిస్తే ఆ ఇంటికి కీడని మన పల్లెల్లో ఇంకా అంటారు. విశ్వాసులు ఆ మాటకు భయపడనక్కరలేదు. మన ఆయుష్షు కుక్క అరుపులో లేదు, దేవుని చేతిలో ఉంది. శకునాన్ని బట్టి ఏ ప్రాణినీ ఇంట్లోనుంచి వెళ్లగొట్టకండి.

అయితే నిజమైన భయాలు వేరే ఉన్నాయి. వాటిని "దేవుడే చూసుకుంటాడులే" అని తోసేయడం విశ్వాసం కాదు. పిచ్చికుక్క కాటు వల్ల వచ్చే రేబిస్ జబ్బు లక్షణాలు ఒకసారి బయటపడితే మనిషి బ్రతకడం దాదాపు లేదు. మనుషులకు వచ్చే రేబిస్‌లో నూటికి తొంభైతొమ్మిది వంతుల వరకు కుక్కల వల్లనే వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. చంటిబిడ్డకు గోరు గీరుకున్నా మనతో చెప్పలేదు. ఇంకొకటి, మనది గొర్రెల సీమ. గొర్రెను కోసినప్పుడు పచ్చి పేగులు, కాలేయపు ముక్కలు కుక్కకు వేయడం మనకు అలవాటు. దానివల్ల కుక్క కడుపులో ఒక రకం పురుగు పెరుగుతుంది. దాని గుడ్లు మన చేతికి, నోటికి చేరితే మనిషి కాలేయంలో నీటి తిత్తులు వస్తాయి. అందులో కుక్క తప్పు లేదు. దానికి అది వేసిన చెయ్యి మనదే.

మరి వాక్యం ఏమంటోంది? నీతిగలవాడు తన పశువు ప్రాణం గురించి కూడా ఆలోచిస్తాడని సామెతలు 12:10 మనకు నేర్పుతుంది. నీనెవె పట్టణం మీద దేవుడు జాలిపడినప్పుడు అక్కడి పశువులను కూడా లెక్కలోకి తీసుకున్నాడని యోనా గ్రంథం చివరి వచనంలో చదువుతాము. ఇది ఒక పక్క. ఇంకో పక్క, పిచ్చుకను మరువని తండ్రే, అనేకమైన పిచ్చుకలకంటె మనిషి శ్రేష్ఠుడని కూడా మనకు తెలియజేశాడు. కాబట్టి బిడ్డా కుక్కా సమానం కాదు. బిడ్డే ముందు. కానీ బిడ్డ ముందు అన్నంత మాత్రాన కుక్క విషయంలో మన బాధ్యత తీరిపోదు.

ద్వితీయోపదేశకాండము 22:8 చూడండి. కొత్త ఇల్లు కట్టినవాడు మిద్దెకు పిట్టగోడ కట్టాలి, ఎవరైనా పడితే ఆ రక్తదోషం ఇంటి మీదికి వస్తుంది. దేవుడు మిద్దె కట్టవద్దని అనలేదు, మిద్దెను పడగొట్టమని కూడా అనలేదు. పిట్టగోడ కట్టమన్నాడు. కుక్క విషయంలోనూ మా సలహా ఇదే.

ఆ పిట్టగోడ ఏమిటంటే, బిడ్డ రాకముందే కుక్కకు రేబిస్ టీకా వేయించి, ఏటేటా మరల వేయించాలి. నులిపురుగుల మందు, పిడుదుల మందు పశువుల డాక్టరుగారు చెప్పినట్టు వాడాలి. పచ్చి మాంసం వేయకూడదు. గర్భిణి దాని మలం ఎత్తకూడదు. మన పద్ధతిలో తొలి కాన్పుకు అమ్మాయి పుట్టింటికి వెళ్లి, కొన్ని నెలలకు బిడ్డతో తిరిగి వస్తుంది. కుక్కకు ఆ బిడ్డ బొత్తిగా కొత్త. అందుకని బిడ్డ గుడ్డను ముందే తెచ్చి వాసన చూపించండి. కుక్క పడుకునే చోటును ఆ నెలల్లోనే వసారాలోకి మార్చండి. అన్నిటికంటె ముఖ్యం, చీర ఉయ్యాలలో బిడ్డను, పక్కన కుక్కను వదిలి ఒక్క నిమిషం కూడా పక్కకు పోవద్దు. ఎంత మంచి కుక్కయినా సరే.

ఒకవేళ కరిచినా, గీరినా కారంపొడి, పసరు, కాఫీపొడి పెట్టకండి. సబ్బుతో, ధారగా పడే నీళ్లతో 15 నిమిషాలు కడిగి వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి. టీకాలు చెప్పిన తేదీల్లో అన్నీ వేయించుకోండి. గర్భిణులు, బాలింతలు కూడా ఆ టీకా వేయించుకోవచ్చు, వేయించుకోవాలి. ప్రార్థన చేయండి, సూదీ వేయించుకోండి.

అన్ని కుక్కలనూ ఉంచుకోవాలని మేము అనడం లేదు. పొడిచే అలవాటున్న ఎద్దు గురించి హెచ్చరిక విన్నాక కూడా కట్టివేయని యజమానిని దేవుడు దోషిగా ఎంచాడు (నిర్గమకాండము 21:29). ముందే ఎవరినైనా కరిచిన కుక్క, పిల్లలను చూస్తే గుర్రుమనే కుక్క ఉంటే, బిడ్డ వచ్చేలోపు దానికి వేరే చోటు చూడండి. పసిపిల్లలు లేని ఇల్లో, వేరుశనగ చేనును అడవి పందుల నుంచి కాచుకునే రైతో, గొర్రెల మందో ఉంటుంది. దాని గుణం దాచకుండా చెప్పి ఇవ్వండి. అలా పంపిన తల్లిదండ్రులు మనసులో దోషులమని అనుకోనక్కరలేదు.

రోడ్డు మీద వదిలేయడం మాత్రం వద్దు. 1960 నాటి జంతు క్రూరత్వ నివారణ చట్టం ప్రకారం కూడా, ఆకలిదప్పులకు గురయ్యేలా పెంపుడు జంతువును కారణం లేకుండా వదిలేయడం నేరం. చట్టం సంగతి అటుంచినా, ఇంటి అన్నానికి అలవాటుపడిన కుక్క వీధిలో ఏం చేస్తుంది? ఈ కరువు నేలలో ఎండాకాలం నీటి చుక్కకు కూడా కష్టమే. ఆకలితో, భయంతో, టీకా లేకుండా తిరిగి, బడికి నడిచిపోయే ఇంకొకరి బిడ్డ మీద పడుతుంది. మన వాకిట్లోని అపాయాన్ని తీసుకెళ్లి, కాంపౌండు గోడ కూడా లేని పేదవాని గుడిసె ముందు పెట్టినట్టు అవుతుంది. నిన్నువలె నీ పొరుగువానిని ప్రేమించాలన్న ఆజ్ఞ ఉన్న మనకు అది తగునా?

ఈ వారం మీ ఇంట్లో కుక్క ఉంటే దాని టీకా చీటీ ఒకసారి తీసి చూడండి. తేదీ దాటిపోయి ఉంటే, పుట్టబోయే బిడ్డ కోసం మీరు చేయవలసిన మొదటి పని అదే.

తల్లిని, బిడ్డను ప్రభువు క్షేమంగా కాపాడును గాక. ఆమేన్.